చేపలకు నేర్పిన చప్పుడు

హగరిలో నీళ్ళు పారి తొమ్మిదేళ్ళయింది. అందుకని, ఏరు వచ్చే చప్పుడు చేపలకు నేర్పడానికి సుంకమ్మ తన తండ్రిని ల్యాబ్‌కు పిలిపించింది.

మారెప్ప బూదిచేడు నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. చంకలో ఉరుము, దానికి చుట్టిన పాత దుప్పటి. ఉరుమంటే మామూలు డప్పు కాదు. నడుము సన్నంగా ఉండే వాయిద్యం. ఒకవైపు తోలు మీద పుల్లతో కొడుతూ, రెండోవైపు తోలు మీద వంకర పుల్లతో రుద్దుతారు. రుద్దినప్పుడు పుట్టే మోత చెవికంటే ముందు కడుపుకు తెలుస్తుంది. ఆ ఇంటి మగవాళ్ళకు ఎన్ని తరాలుగానో అదే పని. వానలు తప్పిన ఏడు ఊరు ఊరంతా ఏట్లోకి పోయి, నూటొక్క బిందెల నీళ్ళు ఎండు ఇసుక మీద కుమ్మరించి, ఉరుము వాయించి గంగమ్మను పిలవడం బూదిచేడు ఆనవాయితీ. ఉరుము మోగితే ఏరు కదులుతుందని సుంకమ్మ పాలు తాగే వయసు నుంచీ వింటూ పెరిగింది. చేపల మీద పెద్ద చదువు చదివి, పేరుకు ముందు డాక్టరు చేరాక కూడా ఆ మాట ఆమె లోపల ఎక్కడో చెక్కు చెదరకుండా ఉండిపోయింది. కొంప ముంచింది అదే.

గాజుతొట్టి పక్కన ఆమె స్వయంగా ఒక కుర్చీ తెచ్చి వేసింది. మారెప్ప దాన్ని చూడనట్టే నేలమీద గొంతుక్కూర్చోబోయాడు.

"కింద గాదు నాయనా. కుర్చీలో కూచో."

"నాకు ఈడ్నే బాగుంటాది మ్మా."

"ఊహూ. కుర్చీలోనే."

ఊళ్ళో గౌడ్ల అరుగుల ముందు జీవితమంతా నిలబడి వాయించిన మనిషి. ఇక్కడ తెల్లకోట్లు వేసుకున్న ఎనిమిదిమంది చుట్టూ నిలబడి ఉన్నారు, తనొక్కడే కూర్చోవాలట. మారెప్ప కుర్చీ అంచుమీద, అది విరిగిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా కూర్చున్నాడు. ఒకాయన వచ్చి ఉరుముకు ఏదో వైరు తగిలించి, కాళ్ళు తగలకుండా పక్కకు తప్పుకున్నాడు.

ల్యాబ్ పెద్ద వైదేహి మేడం. గోదావరి జిల్లా మనిషి, నెమ్మదస్తురాలు. "బాబాయ్ గారూ, ఏరు వచ్చేటప్పుడు ఎలా మోగుతుందో అలా వాయించండి. మీరు వాయిస్తుండగా మేం తొట్టిలోకి నీళ్ళు వదుల్తాం. నెల రోజులు రోజూ ఇంతేనండి. మీ ఉరుము చప్పుడూ హగరి చప్పుడూ ఒకటేనని మీ అమ్మాయి చెప్పింది," అంది.

మారెప్ప నోరు తెరిచాడు. "ఏరు..." అని ఆగాడు. కూతురి మొహంలోకి చూశాడు. ఆ మొహం వెలిగిపోతోంది.

"ఏమి నాయనా?"

"ఏం లేదులే మ్మా. వాయిస్తా."

ఇంత తతంగం ఎందుకంటే, ఎర్రపరిగ కోసం. అది వేలెడంత చేప, రెక్క అంచున సన్నటి ఎర్ర గీత ఉంటుంది. హగరిలో తప్ప లోకంలో మరెక్కడా లేదు. ఏరు ఎండి, ఇసుక దిబ్బలు గాలికి కదిలి వేరుశనగ చేల మీదికి పాకుతూ ఆ సీమంతా ఎడారి అవుతుంటే, ఆఖరి మడుగులో మిగిలిన పరిగలను సుంకమ్మ బకెట్లలో పట్టుకొచ్చింది. తొట్లలో అవి పిల్లలైతే పెట్టాయి గాని, తరం తరానికీ పీలగా అయిపోయాయి. వాటిని మళ్ళీ ఏట్లో వదలాలి. వదలడానికి ఏట్లో నీళ్ళు లేవు.

అప్పుడు సుంకమ్మకు తట్టింది నిద్రమట్టి. బురదలో నెలల తరబడి బతికే ఒక జాతి చేప ఒంటి జిగురులోంచి మందు తీసి, దాన్ని బంకమట్టిలో కలిపి, అందులో పరిగను చుట్టి ఉండ చేస్తే, చేప చావదు. నిమిషానికి ఒక్కసారి గుండె కొట్టుకుంటూ, ఒంట్లో కొవ్వు అయిపోయేదాకా, అంటే అయిదేళ్ళపాటు పడి నిద్రపోతుంది. ఇసుకలో పాతిపెడితే సరి, ఏరు వచ్చినప్పుడు అదే లేస్తుంది. మొదటి విడతలో రెండొందల ఉండలు పాతారు. ఆ వేసవిలో ఒక్క పదును వాన పడింది. ఏరు వచ్చిందనుకుని రెండొందలూ తడి ఇసుకలో లేచాయి, ఈదడానికి నీళ్ళు లేక అక్కడే చచ్చాయి. ఆ రోజు సుంకమ్మ అన్నం ముట్టలేదు.

అందుకే రెండో తాళం పెట్టింది. నిద్రపుచ్చేముందు నెల రోజులు, నీళ్ళు వచ్చినప్పుడల్లా ఒకే మోత వినిపిస్తే ఆ మోత చేప ఒంటికి ఎక్కిపోతుంది. ఆ తర్వాత ఎంత తడిసినా, ఆ మోత తగిలేదాకా లేవదు. చినుకులకు మోత ఉండదు, ఏటికి ఉంటుంది. ఎండిన హగరి చప్పుడు ఎక్కడ దొరుకుతుందన్నదే చిక్కు.

"తుంగభద్ర దగ్గర రికార్డు చేసుకొద్దామా?" అని వైదేహి మేడం అడిగింది.

"ఏ ఏటి గొంతు ఆ ఏటిదే మేడం. హగరి గొంతు మా నాయన దగ్గర ఉంది," అంది సుంకమ్మ.

నెల తర్వాత నలభై ఉండలను తొట్టిలో వేసి నీళ్ళు వదిలారు. మట్టి కరిగింది, చేపలు కళ్ళు తెరిచే ఉన్నా ఒక్కటీ కదలలేదు. మారెప్ప ఉరుమును తొట్టికి ఆనించి రుద్దాడు. నీళ్ళ మీద సన్నగా వణుకు పుట్టింది. ఒకటి తోక ఆడించింది, తర్వాత రెండు, తర్వాత నలభై. ల్యాబంతా చప్పట్లు. కుర్చీలో కూర్చున్న మారెప్పకు, పక్కన నిలబడ్డ సుంకమ్మకు ఎవరో ఫొటో తీశారు. ఆ ఫొటో బూదిచేడులో మారెప్ప గుడిసెలో దేవుడి పటాల పక్కన చేరింది.

*

నాలుగువేల ఉండలను బూదిచేడు దగ్గర ఏటి ఇసుకలో రెండడుగుల లోతున పాతారు. ఊరివాళ్ళు ముచ్చటపడి తలా ఒక చెయ్యి వేశారు. పని అయ్యాక సుంకమ్మ అందరినీ కూర్చోబెట్టి అసలు మాట చెప్పింది. నీళ్ళూ ఉరుమూ కలిస్తే ఈ చేపలు లేస్తాయి. కాబట్టి ఏరు పారేదాకా ఇసుకలో బిందెలు కుమ్మరించొద్దు, ఊళ్ళో ఉరుము మోగొద్దు.

పెద్దమనిషి గంగాధరగౌడు తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "వానకు మొక్కేకి లేదంటావా? చేపల కోసరం?"

"ఏరు వచ్చేదాకా పెద్దాయనా. అయిదేండ్లు, అంతే."

"మొక్కకపోతే ఏరు యాడ వస్తాది మ్మా?"

అప్పుడు మారెప్ప లేచి, "నేను వాయించనప్పా. నా బిడ్డకు మాట ఇచ్చినా," అన్నాడు.

మాట అనడం తేలిక. దాని బరువు మారెప్ప ఒక్కడే మోశాడు. రెండో ఏడు వానలు తప్పాయి. మూడో ఏడూ తప్పాయి. బోర్లు ఎండాయి, వేరుశనగ మొలిచిన చోటే మాడింది. తప్పు ఎవరి నెత్తినో పడాలి కదా, మారెప్ప నెత్తిన పడింది. టీ కొట్టు దగ్గర అతను రాగానే మాటలు ఆగిపోయేవి. పెళ్ళిళ్ళకు పిలుపులు లేవు. జట్టులో వాయించే మిగతా ఇద్దరూ పనుల కోసం బళ్ళారి పోయారు. ఇంట్లో ఊరికే కూర్చుంటే అతని కుడిచెయ్యి తొడమీద తనంతట తాను రుద్దుతూ ఉండేదని సుంకమ్మ తల్లి ఫోన్లో చెప్పింది. సుంకమ్మ నవ్వింది. తల్లి నవ్వలేదు.

మూడో ఏడు శ్రావణంలో గౌడు మనుషులు నలుగురు ఇంటికి వచ్చారు. నువ్వు వాయించకపోతే మానెయ్, మోగాల్సింది మన ఊరి ఉరుమే, అది ఇయ్యి, వాయించేకి బయటి ఊరి మనిషిని తెచ్చుకుంటాం అన్నారు. మారెప్ప లోపలికి పోయి ఉరుము తెచ్చాడు. అరుగుమీద పెట్టి, నడుముకున్న కొడవలి తీసి, రెండువైపులా తోలు అడ్డంగా కోసేశాడు. అతని తాత బిగించిన తోలు అది. నలుగురూ వెళ్ళిపోయారు.

ఆ సంగతి చెప్పడానికి మారెప్ప తనే ఫోన్ చేశాడు. "కోసేస్తి మ్మా," అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఊపిరి పీల్చుకున్నాడు.

సుంకమ్మ ఆ సమయానికి తొట్ల నీళ్ళ వేడి పలక మీద రాసుకుంటోంది. "మంచి పని చేస్తివి నాయనా," అంది. తర్వాత ఆ మాటను ఆమె ఎన్నిసార్లు తలుచుకుందో లెక్క లేదు.

నాలుగో ఏడు ల్యాబ్ తొట్లలో మొప్పల జబ్బు సోకింది. వారం తిరక్కుండా పరిగలన్నీ వెల్లకిలా తేలాయి. వైదేహి మేడం ఖాళీ తొట్టి ముందు నిలబడి, "ఇక ఇసుకలో ఉన్నవే సుంకమ్మా," అంది. లోకంలో ఉన్న ఎర్రపరిగలన్నీ ఇప్పుడు బూదిచేడు ఇసుక కిందే ఉన్నాయి. ఏటా ఇరవై ఉండలు తవ్వి గుండె చూసేవాళ్ళు, కొట్టుకుంటూనే ఉండేది. కొవ్వు మాత్రం కరుగుతూ వస్తోంది. అయిదో ఏడు వానాకాలమే ఆఖరి గడువు.

*

అయిదో ఏడు ఎగువన కర్ణాటకలో వానలు దంచికొట్టాయి. పై డ్యాం గేట్లు ఎత్తారన్న కబురు విని సుంకమ్మ తెల్లవారుజామునే జీపులో బయల్దేరింది. బూదిచేడు చేరేసరికి ఊరంతా గట్టుమీద ఉంది. పసుపూ కుంకుమా, కొత్త చీరా పట్టుకుని ఆడవాళ్ళు ముందు నిలబడ్డారు. మారెప్ప కట్టె ఊతంగా అందరికీ కాస్త ఎడంగా నిలబడ్డాడు. ఆ ఎడం అతనికి అలవాటైపోయింది. కూతుర్ని చూసి చెయ్యి ఎత్తాడు.

తొమ్మిది గంటలకు ఏరు వచ్చింది.

ముందు చీమలు వచ్చాయి, గుంపులు గుంపులుగా గట్టుకేసి. తర్వాత ఎర్రటి నీళ్ళు, చెప్పు మునిగేంత మందాన, ఎండుటాకులనూ నురగనూ తోసుకుంటూ వచ్చాయి. ఇసుక ఆ నీళ్ళను తాగుతుంటే కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు నేలంతా చిటపటమంది. దాని వెనక పొడుగ్గా, ఎడతెగకుండా, బుస్సుమని శబ్దం. గట్టుమీద ఆడవాళ్ళు ఏడ్చేశారు. గంగాధరగౌడు తలపాగా తీసి నీళ్ళకు మొక్కాడు. సుంకమ్మకూ ఏడుపు ముంచుకొచ్చింది. పద్నాలుగేళ్ళ తర్వాత హగరి.

గంటలో నీళ్ళు మోకాలు లోతయ్యాయి. పై ఇసుకంతా కోసుకుపోయి ఉండలు బయటపడ్డాయి, మట్టి కరిగింది. ఇక నాలుగు గంటల్లో చేప లేవాలి. లేవకపోతే, మట్టి కాపాడే ఆ గుండె బయట నిలవదు. సుంకమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని నీళ్ళలో దిగి వంగి చూసింది. పరిగలు కనిపించాయి. పక్కకు ఒరిగి, కళ్ళు తెరుచుకుని, ప్రవాహం ఎటు తోస్తే అటు పొర్లుతున్నాయి.

ఒక్కటీ ఈదడం లేదు.

పది గంటలైంది. ఇసుక తిన్నెల వెంట చేపలు మేటవేశాయి. ఎక్కణ్ణుంచి వచ్చాయో కొంగలు వచ్చి వాలాయి. కొంగ ముక్కున పట్టినప్పుడు కూడా చేప కొట్టుకోలేదు. సుంకమ్మ అరుస్తూ వాటిని తోలింది. నాలుగడుగులు ఎగిరి మళ్ళీ వాలాయి.

ఆమె ఒడ్డుకొచ్చి తండ్రి ముందు నిలబడింది. ఒళ్ళంతా తడి. చెవిలో ఆ బుస తప్ప ఇంకేమీ లేదు. అప్పటికిగాని ఆమె దాన్ని వినలేదు.

"నాయనా, ఏరు సప్పుడు ఇదేనా?"

"ఇదే మ్మా."

"ఉరమలేదే!"

"ఏరు ఎప్పుడు ఉరిమింది మ్మా? ఉరిమేది పైన మబ్బు. ఏరు బుస కొడ్తాది. నా చిన్నప్పటి నుంచి ఇట్లనే వస్తాండాది."

"మరి ఆ పొద్దు నువ్వు..."

మారెప్ప కట్టె కొనతో ఇసుక గీరాడు. "చెప్దామనే నోరు తెరిస్తి. అంతమంది నిలబడుకోనుంటే నన్నొక్కణ్ణి కుర్చీలో కూచోబెడ్తివి. నా ఉరుముకు వైరు తగిలిస్తిరి. మా నాయన గానీ, వాళ్ళ నాయన గానీ ఒక్కపొద్దన్నా కూచోని వాయించినారా? ఇది ఏరు సప్పుడు గాదంటే, అట్లయితే నువ్వు పోప్పా అంటారేమో అనిపించింది." గీరిన గీతను చెరిపి, "నువ్వు చదివినదానివి. తెలిసే పిలిచింటావులే అనుకొంటి," అన్నాడు.

"నాలుగువేల పానాలు నాయనా!" సుంకమ్మ గొంతు చించుకుంది. గట్టుమీద అందరూ తిరిగి చూశారు. తండ్రిమీద ఆమె పుట్టి బుద్ధెరిగాక గొంతెత్తింది లేదు. "పో, ఉరుము తే! ఇప్పుడన్నా వాయించు!"

"ఉరుము యాడిది మ్మా," అన్నాడు మారెప్ప మెల్లగా.

మంచి పని చేస్తివి నాయనా. ఆ మాట సుంకమ్మ చెవిలోకి వచ్చి కూర్చుంది. ఊళ్ళో ఇంకో ఉరుము లేదు. జట్టువాళ్ళు బళ్ళారిలో ఉన్నారు, ఉరుమున్న పక్క ఊరు ఏటికి అవతల ఉంది, నడి ఏట్లో దాటలేనంత ఉధృతి. ఆనాటి రికార్డు ఫోన్లో ఉందని గుర్తొచ్చి, ఫోన్ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి నీళ్ళలో ముంచి పెట్టింది. ఆ బుల్లి స్పీకరు దోమలా గీ పెట్టింది. కడుపుకు తెలిసే ఆ మోత అందులో లేదు. చేపలు అలాగే పొర్లుతున్నాయి.

మారెప్ప కట్టె పక్కన పారేసి నీళ్ళలోకి దిగాడు. వంగి ఒక పరిగను తీశాడు. దాన్ని దోసెడు నీళ్ళతో సహా గొంతు కింద, ఎముక మీద ఆనించుకుని, నోరు మూసుకుని లోపలి నుంచి మోత తీశాడు. పిల్లలకు ఉరుము నేర్పేటప్పుడు వాయిద్యం చేతికివ్వరు, ఏడాదిపాటు ఇలా గొంతుతోనే రుద్దిస్తారు. డెబ్భై రెండేళ్ళ ఛాతీలోంచి ఆ మోత బొంగురుగా లేచింది.

చేప తోక ఆడించింది. మారెప్ప చేతులు నీళ్ళలో దించాడు. పరిగ ఒక్క క్షణం తబ్బిబ్బై, ప్రవాహానికి ఎదురు తిరిగి ఈదింది.

"ఒకటి," అన్నాడు.

నీళ్ళ ఊపుకు అతను నిలదొక్కుకోలేకపోతున్నాడు. సుంకమ్మ బడి దగ్గరికి పరుగెత్తి ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకొచ్చింది. దాన్ని ఏట్లో, తిన్నె వారగా వేసింది. ఈసారి మారెప్ప నేరుగా అందులో కూర్చున్నాడు. ఆమె చేపలు ఏరి అందించింది, అతను గొంతుకు ఆనించుకున్నాడు. ఒక్కోదానికి నాలుగైదు నిమిషాలు పట్టేది. కొన్ని ఎంతసేపు మోత పెట్టినా లేవలేదు. సుంకమ్మ కూడా ఒకదాన్ని గొంతుకు ఆనించుకుని ప్రయత్నించింది. ఆ ఇంట్లో ఆడపిల్లకు ఎవరూ ఉరుము నేర్పలేదు. ఆమె గొంతులోంచి దగ్గు వచ్చింది గాని మోత రాలేదు.

గంగాధరగౌడు గట్టు దిగివచ్చి కొంగలను తోలుతూ నిలబడ్డాడు. ఆడవాళ్ళు కొంగులతో చేపలు పట్టి తెచ్చి కుర్చీ పక్కన బిందెల్లో వేశారు. బిందెలు నిండాయి. బిందెల నిండా, కళ్ళు తెరిచి, నిద్రపోతున్న చేపలు. ఒక్క గొంతు, ఇన్ని చేపలు.

రెండు గంటలకు వైదేహి మేడం ఫోన్ చేసింది. "ఎన్ని లేచాయి సుంకమ్మా?"

"పదమూడు మేడం."

పదమూడింటిలో కొంగల నోట పడనివి ఎన్నో, మడుగు ఎండేలోగా జత దొరికేవి ఎన్నో, ఇద్దరికీ తెలుసు. సుంకమ్మ ఫోన్ పెట్టేసి ఒక బిందెలో చెయ్యి పెట్టింది. చేపలు బిగుసుకుపోతున్నాయి. గడువు దాటింది.

"చాలు నాయనా. అయిపాయ. లెయ్."

మారెప్ప తల అడ్డంగా ఊపాడు. అతనికి మాట రావడం లేదు, గొంతు పూర్తిగా పోయింది. చెయ్యి చాపాడు, ఇంకోటి ఇమ్మని. ఆమె ఇవ్వకపోతే తనే వంగి బిందెలోంచి తీసుకున్నాడు.

సుంకమ్మ కుర్చీ పక్కన నీళ్ళలో కూలబడింది. "తప్పు నీది గాదు నాయనా," అంది ఏడుస్తూ. "నీకు కుర్చీ ఏస్తి గానీ, ఏరు సప్పుడు ఎట్లుంటాదని ఒక్క మాట అడగకపోతి."

అతను విన్నాడో లేదో. చచ్చిన చేపను గొంతు కింద ఆనించుకుని పెదాలు బిగించి మోత తీస్తూనే ఉన్నాడు. చప్పుడేమీ రావడం లేదు. కుర్చీ కాళ్ళు మెల్లగా ఇసుకలోకి దిగబడుతున్నాయి. ఏరు వాళ్ళిద్దరి చుట్టూ బుసకొడుతూ కిందికి పోతోంది.